చేతులు తెగిన సినిమా

కిందటి వారం మధుకర్‌ని మనం మంచి బడాయిలో ఉండగా వదిలిపెట్టాం. గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఒకదాని మూడో అంతస్తు, వీడియో గది. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిటికీలకు పరదాలు దింపి, ప్రొజెక్టర్ వెలిగించి, "ఇది చూసినంక మీ కళ్ళల్ల నీళ్ళు రాకపోతే నా పేరు మార్చుకుంట" అన్నాడతను. పేరు మార్చుకోవలసిన అవసరం ఇంత తొందరగా వస్తుందని పాపం అతనికి తెలియదు.

ఎదురుగా కూర్చున్నవాళ్ళు నలుగురు. మొదటి కుర్చీలో జాయ్స్. చందానగర్ అమ్మాయి, పుట్టుకతోనే వినపడదు, ఇదే మేడ ఏడో అంతస్తులో స్కానింగ్ ఉద్యోగం. ఆమె రాసి, తీసిన పొట్టి సినిమా పేరు కూడా 'ఏడో అంతస్తు'. పక్కన ఇశ్రాయేలు. సినిమాకి ఆయనే హీరో. ఆయనకీ వినపడదు. ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చినవాడు, ప్రెస్సులు మూతపడ్డాక ఇక్కడ కాగితాలు స్కాన్ చేసే పనిలో చేరాడు. వాళ్ళ వెనక చక్రాల కుర్చీలో పెద్దన్న. జమ్మలమడుగు కుర్రాడు, అతనిదీ ఏడో అంతస్తే, పేరుకే పెద్దన్న గాని అక్కడున్న అందరిలోకీ చిన్నవాడు. కెమెరా పట్టింది అతనే, అది ఇప్పుడూ ఒడిలోనే ఉంది. నాలుగో మనిషి స్వరూప. మాటని సైగలోకి, సైగని మాటలోకి మార్చడం ఆమె వృత్తి. అమ్మానాన్నలిద్దరూ వినపడనివాళ్ళే కావడంతో నోటిమాట కంటే చేతిమాటే ఆమెకు ముందు వచ్చింది.

శుక్రవారం కంపెనీ ఆడిటోరియంలో దివ్యాంగుల దినోత్సవం. బయటిదేశాల పెద్దలు వస్తారు, క్లయింట్లు వస్తారు. 'మనల్ని స్టేజీ ఎక్కించి పూలిచ్చే పండగ' అంటాడు పెద్దన్న. ఆ స్టేజీకి ర్యాంపు లేదనేది వేరే సంగతి. ఆ రోజు తెర మీద పడవలసింది ఈ సినిమాయే. తీసింది వాళ్ళైనా, కోసి అతికించే పని కంపెనీ ఎడిటర్ మధుకర్‌కి అప్పజెప్పారు. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. మనసు కూడా మంచిదే. చిక్కంతా అక్కడే వచ్చింది. సైగ ఒక్కటి కూడా తెలియకుండా, మంచి మనసొక్కటే పెట్టుబడిగా ఆ సినిమా మీద చెయ్యి వేశాడు.

తెర వెలిగింది.

ఖాళీ ఆఫీసు. వరసగా కుర్చీలు. వాటి మధ్యలోంచి కెమెరా నీళ్ళ మీద పడవలా జారుతూ వెళ్ళింది. చక్రాల కుర్చీలో కూర్చుని పెద్దన్న తీసిన షాట్ అది, ట్రాలీ పట్టాలు వేసినా అంత నున్నగా రాదు. తరువాత ఇశ్రాయేలు ముఖం. గోడంత ముఖం. కనుబొమల మధ్య ముడత, వణికే చెంప, తడి కళ్ళు. వెనకనుంచి పియానో మొదలైంది. దాని మీద గంభీరమైన మగ గొంతు ఒకటి, "మాటలు లేకపోయినా మేము ఒంటరివాళ్ళం కాదు. ఈ సంస్థ మా కుటుంబం. మా మౌనంలో మీ ప్రేమ వినిపిస్తుంది" అంటూ సాగింది.

మధుకర్ తెరకేసి చూడటం లేదు. చూసేవాళ్ళని చూస్తున్నాడు. ఎడిటర్లకు ఉండే అలవాటే అది. వంటమనిషి వడ్డించి పక్కన నిలబడి మొదటి ముద్ద కోసం చూసినట్టు, ఏ కంట తడి వస్తుందా అని చూస్తున్నాడు. జాయ్స్ ముందుకు వంగింది. పర్వాలేదు, పట్టుకుంది అనుకున్నాడు. ఆమె ఇంకా ముందుకు వంగి తెరలో దేనికోసమో వెతుకుతున్నట్టు కిందికీ పక్కలకీ చూసింది. చూసి చూసి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఇశ్రాయేలు తన ముఖాన్ని తాను కాసేపు చూసుకున్నాడు. తరువాత ఒడిలో ఉన్న రెండు చేతుల కేసి చూసుకున్నాడు. లేచి, కుర్చీ ఎత్తి, తెరకు వీపు వచ్చేట్టు తిప్పి వేసుకుని కూర్చున్నాడు.

వినపడేవాళ్ళకు నచ్చకపోతే గొణుగుతారు, దగ్గుతారు, ఫోన్ చూసుకుంటారు. వినపడనివాళ్ళు కళ్ళు మూసుకున్నారంటే ఇంట్లోంచి వెళ్ళగొట్టి తలుపు గడియ వేసినట్టే. అది మధుకర్‌కి తెలియదు. తెలియకపోయినా సినిమా ఆపేశాడు.

స్వరూప లేచి లైటు వేసింది. మొదట మాట్లాడినవాడు పెద్దన్న.

"ఏం అన్నా, ఆయప్ప చేతులు యాడికి పోయినాయి?"

"చేతులేంది?"

"నేను నడుము కాడి నుంచి తీసినా గదా. రెండు చేతులూ ఫ్రేములో ఉండాయా లేదా అని ప్రతిసారీ చూసుకొని తీసినా. నువ్వేమో మెడ కాడికి తెగనరికినావు."

మధుకర్‌కి ఊపిరి అందింది. ఓస్ ఇంతేనా అనుకున్నాడు. "అరే, అది కావాలనే చేసిన. క్లోజప్‌కి జూమ్ చేసిన. ఆయన మొఖంల అంత ఎమోషన్ ఉంటే, కింద చేతులు గిట్ల గిట్ల ఊగుతుంటే చూసేటోళ్ళ ధ్యాస పోతది కదా. మొఖం మీద పెడితేనే మనసుకు తగుల్తది."

స్వరూప చేతులు అతని మాటల్ని అలాగే జాయ్స్ ముందు పెట్టాయి. 'చేతులు గిట్ల గిట్ల ఊగుతుంటే' అన్నది కూడా వదలలేదు.

జాయ్స్ కళ్ళు తెరిచింది. ఆమె చేతులు నెమ్మదిగానే కదిలాయి. స్వరూప ఆమె పక్కన నిలబడి, ఆమె తరఫున 'నేను' అంటూ మాట్లాడింది. వాళ్ళ పద్ధతి అది. గొంతు స్వరూపది, మాట జాయ్స్‌ది.

"మధుకర్, నువ్వు ఒక సినిమా తీసినవనుకో. అండ్ల హీరో డైలాగ్ చెప్తున్నడు. ఒకడొచ్చి ఆ సౌండ్ తీసేసి, మంచిగ కనవడ్తున్నడు కదా మొఖం, సౌండ్ ఎందుకు అన్నడు. ఊకోక, ఇంకోని గొంతు తెచ్చి ఆని నోట్ల వేరే డైలాగ్ పెట్టిండు. నువ్వేం చేస్తవ్?"

మధుకర్ రిమోట్ బల్ల మీద పెట్టేశాడు.

"ఆ మాటలు నావి కావు" అన్నాడు. "హెచ్‌ఆర్ భ్రమరాంబ మేడమ్ ఆఫీసు నుంచి వచ్చినయి. అంకుల్ సైగ చేసేది అదే అనుకున్న నేను."

"అడిగినవా?"

అడగలేదు. సంగీతం మీద మాత్రం రెండు రోజులు కూర్చున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని మన పెద్దలు ఒక సామెత వదిలి వెళ్ళారు. అందులో నవ్వులపాలు అయ్యేది శంఖం ఊదినవాడేనని మధుకర్‌కి ఇప్పుడు అర్థమైంది. సినిమా తీసినామె వినలేని పియానో కోసం, ఆమె రాసిన మాటలన్నీ కోసేశాడు.

"సారీ, తప్పైంది. ఇయ్యాలనే సరిచేస్తం" అన్నాడు. అంతలోనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. "కానీ... ఒరిజినల్ లేదు."

"లేదంటే?" అన్నాడు పెద్దన్న.

"సర్వర్ నిండిందని సిస్టమ్సోళ్ళు ఒకటే గోల. నేను జూమ్ చేసి సేవ్ చేసుకున్న ముక్కలు ఉంచుకొని మిగతాది డిలీట్ కొట్టిన. ఎప్పుడూ అట్లనే చేస్తం. కెమెరా కార్డు కూడా చెరిపేసినంక వేరే షూటింగ్‌కి పోయింది."

స్వరూప చేతులు అది కూడా చెప్పేశాయి.

జాయ్స్ అరచేత్తో బల్ల మీద కొట్టింది. నీళ్ళ సీసా ఎగిరి పడింది. తరువాత ఆమె చేతులు కదలడం మొదలెట్టాయి చూడండి, మధుకర్ జన్మలో చూడని వేగం అది. భుజాలు, నుదురు, పళ్ళు, వేళ్ళు అన్నీ కలిసి మాట్లాడుతున్నాయి. స్వరూప రెండు మాటలు అందుకుని ఆగిపోయింది.

"ఏమంటున్నది?" అన్నాడు మధుకర్.

"జర ఆగన్నా. ఇది తెలుగుల చెప్పనీకె వస్తలేదు" అంది స్వరూప. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. జాయ్స్ చేతులు ఆగేదాకా చూసి, మళ్ళీ ఆమె తరఫున మొదలెట్టింది. "నా చిన్నప్పుడు బడిల చేతులు లేపితే స్కేల్‌తోని కొట్టిండ్రు, నోటితోనే మాట్లాడాలని. మీటింగుల చేతులు లేపితే తర్వాత మెయిల్ పెడ్తం అన్నరు. నా సినిమాల నేనే చేతులు లేపుకున్న, ఎవల జోలికి పోకుండ. నువ్వు ఆటిని సుత తీసేసినవు."

మధుకర్ తల వంచుకున్నాడు. ఏం చెప్పినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంటుంది.

అప్పుడు ఇశ్రాయేలు లేచాడు. ఇంతసేపూ వీపు తిప్పుకుని ఉన్న మనిషి, జాయ్స్ భుజం మీద రెండు వేళ్ళతో తట్టి, ఏదో చెప్పాడు. ఆమె కాదన్నట్టు తల ఊపింది. ఆయన మళ్ళీ చెప్పాడు. కసిరినట్టు కాకుండా, బతిమాలినట్టు కూడా కాకుండా, పనిలోకి దిగేవాడు పనిముట్టు ఇటివ్వమని అడిగినట్టు చెప్పాడు.

"సినిమా మల్ల ఎయ్యమంటున్నరు" అంది స్వరూప. "తన మొఖం ఉన్న ముక్క. సౌండ్ బంద్ చేసి, లైట్లు తీసెయ్యమంటున్నరు."

మధుకర్ పియానోని, ఆ గంభీరమైన గొంతుని నొక్కేశాడు. లైట్లు ఆరాయి. ఇశ్రాయేలు నడుచుకుంటూ వెళ్ళి తెర ముందు, సరిగ్గా నడుమన నిలబడ్డాడు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకున్నాడు. తల కాస్త వంచి, ప్రొజెక్టర్ వెలుగు తన ముఖం మీద పడకుండా ఎదను, చేతులను మాత్రమే తాకేట్టు సర్దుకున్నాడు. పైన గోడంత ముఖం, చుబుకం అంచున తెగిపోయి ఉంది. దాని కింద, ఆ ముఖం యజమాని.

"కానివ్వు" అన్నట్టు వేలు ఊపాడు.

పైన ముఖం కనురెప్ప ఎత్తింది. కింద చేతులు లేచాయి.

మధుకర్ మొదట అనుకున్నది ఇదేదో కాకతాళీయం అని. పైన కనుబొమ ముడిపడ్డ చోట కింద పిడికిలి బిగిసింది. పైన చెంప వణికిన చోట కింద వేళ్ళు వణికాయి. తెర మీది కళ్ళు కుడికి తిరిగేసరికి కింది చేతులు కుడివైపే ఒక తలుపుని తెరిచాయి. ఆయన వెనక్కి తిరిగి తెరను చూడలేదు, ఒక్కసారి కూడా. నెల కిందట నటించిన నటనని, రెప్పపాటుతో సహా ఒళ్ళు గుర్తుపెట్టుకుంది. తెగిన చోట కొలతకు సరిపడా అతుక్కుంటూ వచ్చింది.

స్వరూప నెమ్మదిగా గొంతు కలిపింది.

"అద్దాల గది. నేనూ, జాయ్స్. కాగితాలు మిషిన్ల పెడ్తున్నం. అవుతల అందరు ఒక్కసారే లేచిండ్రు. నవ్వుకుంట పోతున్నరు, ఫోన్లు పట్టుకొని. ఎవలిదో పుట్టినరోజు ఉన్నట్టుంది, కేక్ కోస్తున్నరు అనుకున్నం. మమ్మల్ని పిలువలే. ఎప్పుడూ పిలువరు. కొద్దిగ కోపమొచ్చింది, ఇంతనే. మల్ల కాగితాలు పెట్టుకున్నం."

ఇశ్రాయేలు చేతులు గాల్లో కేక్ కోశాయి. ఎవరి నోట్లోనో ముక్క పెట్టాయి. తన వంతుకు చేయి చాచి, ఖాళీ అరచెయ్యి చూసుకుని, ప్యాంటుకు తుడుచుకున్నాడు. చాలా చిన్న కదలిక అది.

"అది కేక్ కాదు. ఫైర్ అలారం. మంటలొస్తే ఎట్ల దిగాల్నో నేర్పే మాక్ డ్రిల్. సైరన్ మొత్తుకుంటున్నది, మాకేం తెల్సు. పెద్దన్నకు ఇనవడ్డది. కని లిఫ్టులు బంద్. మెట్లకాడ ఉండు, మనిషిని పంపిస్త అని సెక్యూరిటీ అన్నడు. ఎవలు రాలే. ఇనవడ్డోడు దిగలేడు. దిగగలిగినోళ్ళకు ఇనవడదు."

మధుకర్ చెయ్యెత్తాడు. "స్వరూపా, ఇగ చెప్పకు. జర సేపు నన్ను చూడనియ్యి."

ఆమె ఆపింది. సైగ రాని ఆ మనిషికి, మాట సాయం లేకుండానే, అంతా కనపడటం మొదలైంది. ఇశ్రాయేలు ఎడమ అరచెయ్యి నిలువుగా నిలబడి అద్దం అయింది. కుడి చెయ్యి పెద్దన్న అయి దాని మీద తట్టింది, గట్టిగా తట్టింది, పిడికిలితో గుద్దింది. కథలోని పెద్దన్న లైట్లు ఆర్పి వెలిగించి ఆర్పాడు, ఇశ్రాయేలు వేళ్ళు విచ్చుకుని ముడుచుకుని విచ్చుకున్నాయి. ముగ్గురూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. చక్రాలు తిరిగాయి, కాళ్ళు తిరిగాయి, అవి కూడా ఆ చేతుల్లోనే. కింద, ఎంతో కింద, చీమలంత మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు జాకెట్ వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని ఒక మనిషి. ఆ మనిషి వేలితో తలలు లెక్కపెడుతోంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. లెక్క అయిపోయింది. బొటనవేలు పైకి లేచింది. అందరూ దిగారని. చీమలు చప్పట్లు కొట్టాయి.

మధుకర్ కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ రోజు ఆ చీమల్లో తానొకడు. పార్కింగ్‌లో, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కంపెనీ ఇచ్చిన సమోసా తింటూ నిలబడ్డాడు. ఆరెంజ్ జాకెట్ మనిషి బొటనవేలు ఎత్తగానే తానూ చప్పట్లు కొట్టాడు. తొందరగా అయిపోయిందని సంతోషపడ్డాడు కూడా. తల ఎత్తి పైకి చూడాలని అతనికి తోచలేదు. అంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

ఇప్పుడు చూస్తున్నాడు. అతనికి ఎప్పుడో చిన్నప్పుడు హనుమకొండలో మొదటిసారి సినిమాహాల్లో కూర్చున్నప్పుడు ఒళ్ళు ఇలా గగుర్పొడిచింది, మళ్ళీ ఇన్నేళ్ళకు ఇప్పుడే. ఇన్ని వీడియోలు కోసి అతికించినవాడు, ఇంత అచ్చమైన అతుకు ఎక్కడా చూడలేదు. పైన ముఖంలో ఉన్నది దుఃఖం అనుకున్నాడు తను. దాని మీద పియానో కట్టాడు. చేతులు కలిసేసరికి తెలిసింది, అది దుఃఖం కాదు, కోపం. నిప్పులాంటి కోపం. అయినా ఆ మనిషి అరవడం లేదు, శాపనార్థాలు పెట్టడం లేదు. ఇంత కోపాన్ని ఇంత అందంగా పట్టుకోవడం ఎవరు నేర్పారో ఈయనకి అనుకున్నాడు. దండం పెట్టాలనిపించింది. నిజంగానే పెట్టాడు, చీకట్లో, ఎవరూ చూడకుండా.

పైన ముఖం చివరిసారి కళ్ళు ఎత్తి నేరుగా చూసింది. కింద ఇశ్రాయేలు కుడి చెయ్యి మెల్లగా పైకి లేచింది. బళ్ళో పిల్లవాడు హాజరు పలికినట్టు, అరచెయ్యి విప్పి, నిటారుగా. తెర మీది ముక్క అయిపోయి గోడ ఖాళీ నీలం రంగుకు తిరిగింది. చెయ్యి మాత్రం దిగలేదు. ఆయన అలాగే నిలబడి, ఎవరో ఒకరు చూస్తారన్నట్టు వేచి ఉన్నాడు.

చక్రాల చప్పుడికి మధుకర్ పక్కకు చూశాడు. పెద్దన్న ఒడిలో కెమెరా ఉంది, ఎర్రదీపం వెలుగుతూ. మొదట్నుంచీ తీస్తూనే ఉన్నాడు. పైన ముఖమూ కింద చేతులూ ఒక్క ఫ్రేములో పట్టేలా, మధ్యలో ఎప్పుడో మెల్లగా ముందుకు జరిగి మరీ తీశాడు.

"వచ్చిందన్నా" అన్నాడు, గుసగుసగా. "మొదట తీసినదానికంటే బాగా వచ్చింది. ఆయప్ప మొగాన్ని నువ్వు తెగ్గొట్టినావు, ఆయప్పే వచ్చి అతికించుకున్యాడు. అది కూడా సినిమాలోనే ఉండాది ఇప్పుడు."

జాయ్స్ ఏడుస్తోంది, నవ్వుతోంది. మధుకర్ కేసి తిరిగి చేతులు కదిపింది. స్వరూప మాట కలిపింది.

"డ్రిల్ అయినంక పోయి చెప్పినం. డ్రిల్లే కదా, నిజం మంట కాదు కదా అన్నరు. కోపమొక్కటే ఉంటే ఆ దినమే ఉద్యోగం ఇడిచి పోయేదాన్ని. సినిమా తీసిన్నంటే, ఎవలన్న తల ఎత్తి సూస్తరని ఆశ. నాకు ఆ ఆశ సావలేదు మధుకర్. ఇది శుక్రవారం ఎయ్యి. పియానో వద్దు, ఎవరి గొంతు వద్దు. స్వరూప రాసిచ్చే మాటలు కింద అక్షరాలుగ పెట్టు, చాలు."

"ఏస్త" అన్నాడు మధుకర్. ఆ మాట తనకంటే ముందు నోరే అనేసింది.

"స్వరూపా, ఆయన ఏమంటున్నారు?"

తలుపు దగ్గరి గొంతు అది. భ్రమరాంబ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూసుకోలేదు. కంపెనీ హెచ్‌ఆర్ పెద్ద ఆవిడ. శుక్రవారం వేడుక అంతా ఆవిడ చేతుల మీదుగా నడుస్తోంది. ఎత్తి ఉన్న ఇశ్రాయేలు చెయ్యికేసే చూస్తోంది.

"నన్ను సుత లెక్కవెట్టు అంటున్నరు మేడమ్" అంది స్వరూప.

"ఎవరితో అంటున్నారు?"

"మాక్ డ్రిల్ దినం కింద నిలబడి లెక్కవెట్టినోళ్ళతోని. ఆరెంజ్ జాకెట్ ఏసుకున్నోళ్ళతోని."

భ్రమరాంబ లోపలికి వచ్చి తలుపు మూసింది. లైటు వేసింది. ఇశ్రాయేలుకి, జాయ్స్‌కి చక్కగా నవ్వుతూ నమస్కారం పెట్టింది. ఆ నవ్వు చెదరకుండానే మధుకర్ వైపు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడింది. వినపడనివాళ్ళ ముందు అందరూ అలాగే మాట్లాడతారు, గదిలో వాళ్ళు లేనట్టే.

"మధుకర్, ఆ జాకెట్ వేసుకున్నది నేనే. ఏడో ఫ్లోర్ బాధ్యత ఆ రోజు నాదే. ప్యాంట్రీ చూశాను, వాష్‌రూమ్‌లు చూశాను. స్కానింగ్ రూమ్ వైపు వెళ్ళలేదు. అలారం మోగుతుంటే ఎవరైనా వచ్చేస్తారు కదా అనుకున్నాను. అందరూ దిగారని పై అధికారులకి చెప్పింది నేనే." ఒక్క క్షణం ఆ నవ్వు పెదాల చివర వణికింది. "ఇది ఆ క్లయింట్ల ముందు పడితే ఇంక నేను ఇక్కడ ఉండను. నాకు ఇద్దరు పిల్లలు. నీ పాత ఫైల్ బాగుంది, అందరూ ఓకే చేశారు. ముంబై ఆఫీసు నుంచి అడుగుతున్నారు, ఇప్పుడే పంపెయ్." తరువాత స్వరూప కేసి చూసింది. "అమ్మా, ఇదేదీ వాళ్ళకి చెప్పకు."

స్వరూప వృత్తికి ఒక నియమం ఉంది. గదిలో వినపడే ప్రతి మాటా వినపడనివాళ్ళ ముందు పెట్టి తీరాలి. ఎవరో తుమ్మినా, ఫోన్ మోగినా, పక్కవాళ్ళు గుసగుసలాడినా సరే. వదిలేశావంటే ఆ గదిలో చెవులున్నవాళ్ళదే రాజ్యం అని ఆమె చిన్నప్పుడే వాళ్ళమ్మ చేతులతో చెప్పింది. భ్రమరాంబ మొదటి మాట ఎత్తిన దగ్గర్నుంచీ స్వరూప చేతులు ఆగలేదు. జాకెట్ చెప్పాయి, ప్యాంట్రీ చెప్పాయి, పిల్లలు చెప్పాయి, పాత ఫైల్ చెప్పాయి. చివరన, అదే తీరుగా, అంతే స్పష్టంగా, 'ఇదేదీ వాళ్ళకి చెప్పకు' అన్నది కూడా చెప్పాయి.

భ్రమరాంబ అది ఆలస్యంగా చూసింది. ఆవిడ నవ్వు అప్పటికి పోయింది.

ఇశ్రాయేలు ఎత్తిన చెయ్యి దించాడు. పెద్దన్న కుర్చీ ముందుకు జరుపుకుని, కెమెరాలోంచి తీసిన కార్డుని మధుకర్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. ల్యాప్‌టాప్‌లో, పొద్దున సంబరంగా ముంబైకి సిద్ధం చేసి పెట్టుకున్న మెయిల్ తెరిచే ఉంది. పాత ఫైల్ దానికి జతచేసి ఉంది, పంపడమే తరువాయి.

జాయ్స్ భ్రమరాంబ కేసి చూడలేదు. ఇశ్రాయేలు కూడా చూడలేదు. ఆ గదిలో ఇప్పుడు అందరూ చూస్తున్నది మధుకర్ చేతులకేసి.